జెట్ల నడుమ సెస్నా: సముద్రం పక్క ఎయిర్‌పోర్టులో చిన్న విమానం లెక్కలు

రన్‌వేకి ఐదు నాటికల్ మైళ్ళ (తొమ్మిది కిలోమీటర్ల పైన) దూరంలో సెస్నా 172 అనే చిన్న విమానం దిగడానికి వస్తోంది. దాని వెనక ఇంకో ఐదు మైళ్ళ దూరంలో ఒక బోయింగ్ 737. చూడ్డానికి మధ్యలో బోలెడు ఖాళీ. లెక్క వేస్తే మాత్రం సంగతి వేరు. సెస్నా తన మామూలు ల్యాండింగ్ వేగం 65 నాట్స్‌తో, అంటే గంటకు 120 కిలోమీటర్లతో వస్తే ఆ ఐదు మైళ్ళకు నాలుగున్నర నిమిషాల పైనే పడుతుంది. 737 దిగేటప్పుడు కూడా 140 నాట్స్ దగ్గర ఉంటుంది. దానికి పది మైళ్ళు దాటడానికి నాలుగుంపావు నిమిషాలు చాలు. ఎవరూ ఏమీ చెయ్యకుండా వదిలేస్తే వెనక బయల్దేరిన జెట్ సెస్నా కంటే ముందే రన్‌వే చేరుకుంటుంది. రెండూ ఒకే దారిలో వస్తున్నాయి కాబట్టి ఆ మధ్యలో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

రద్దీ ఎయిర్‌పోర్టులో చిన్న విమానం పడే ఇబ్బందుల్లో సగం ఈ లెక్కలోంచే పుడతాయి. ఆ ఎయిర్‌పోర్టు సముద్రం ఒడ్డున ఉంటే మిగతా సగం నీళ్ళ వైపు నుంచి వస్తాయి. జెట్లు టైమ్ లేకుండా చేస్తాయి, సముద్రం చోటు లేకుండా చేస్తుంది. ఇలాంటి చోట నేర్పంటే జెట్లతో సమానంగా పరుగెత్తడమే అని కొత్త పైలట్లు అనుకుంటారు. ప్రమాదాల చరిత్ర చూస్తే దానికి సరిగ్గా ఎదురు సంగతి కనిపిస్తుంది. చిన్న విమానానికి నెమ్మదితనం లోపం కాదు, దాని చేతిలో ఉన్న అసలు ఆయుధం అదే. పెద్దదానిలా ప్రవర్తించబోయినప్పుడే అది చిక్కుల్లో పడుతుంది.

ముందు టవర్ వైపు నుంచి చూద్దాం. జెట్ల వరసలో చిన్న విమానాన్ని ఇరికించడానికి కంట్రోలర్ దగ్గర ఉన్న ఉపాయాలు కొన్నే. రన్‌వేకి సమాంతరంగా వెళ్ళే డౌన్‌విండ్ దారిలో ఇంకొంచెం ముందుకి పొమ్మంటాడు. లేదా ఉన్నచోటే ఒక చుట్టు తిరగమంటాడు. లేదా జెట్ ఇంకా దూరంగా ఉండగానే వెంటనే తిరిగి దిగెయ్యమంటాడు. చిన్న విమానం అక్కరకొచ్చేది ఈ మూడోదానిలోనే. 65 నాట్స్ వేగంతో 30 డిగ్రీలు వాలి తిరిగితే దాని మలుపు వ్యాసార్ధం దాదాపు 200 మీటర్లు. 140 నాట్స్‌తో 25 డిగ్రీలు వాలిన జెట్‌కి అదే మలుపు కిలోమీటరు దాటుతుంది. జెట్ మైళ్ళ అవతల నుంచి సూటిగా రావాల్సిందే. సెస్నా మాత్రం రన్‌వే అంచు పక్కనే ఎదురుచూసి, సందు దొరకగానే చటుక్కున లోపలికి తిరగగలదు. లారీల మధ్య సైకిల్ దూరినట్టు. మంచి కంట్రోలర్లు ఈ గుణాన్ని బాగా వాడుకుంటారు. రన్‌వేకి సూటిగా వచ్చే పొడుగాటి చివరి దారి (ఫైనల్) మీద సెస్నాని పెట్టి, వెనక జెట్‌ని బతిమాలుతూ కూర్చోవడం వాళ్ళకీ తలనొప్పే.

అది కుదరనప్పుడు వచ్చే మాట, వీలైనంత వేగంగా రమ్మని. సెస్నా 100 నాట్స్‌తో వస్తే మొదట చెప్పిన లెక్క మారిపోతుంది. ఐదు మైళ్ళు మూడు నిమిషాల్లో అయిపోతాయి, అప్పటికి జెట్ ఇంకా మూడు మైళ్ళ అవతల ఉంటుంది. అంటే నిమిషం పైన దొరికింది. అంతా బాగానే ఉంది కానీ ఈ 100 నాట్స్‌ని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. ఫ్లాప్స్‌ని, అంటే రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలని, పూర్తిగా దించాలంటే 172లో వేగం 85 నాట్స్ లోపుకి రావాలి. ల్యాండింగ్‌కి పట్టే దూరం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వేగం పది శాతం ఎక్కువైతే దూరం ఇరవై శాతం పైగా సాగుతుంది. ఆ వేగంతో రన్‌వే మీదికొచ్చిన చిన్న విమానం నేలని తాకకుండా తేలుతూనే పోతుంది. పైలట్‌కి వెనక జెట్ ఉందన్న టెన్షన్. దాంతో బలవంతంగా నేలకి అదిమితే ముందు చక్రం మీద పడి కప్పగంతులు వేస్తుంది. రన్‌వే పొడవు చాలకపోవడం పెద్ద ఎయిర్‌పోర్టులో జరిగే పని కాదు. అక్కడ రెండు మైళ్ళ రన్‌వే ఉంటుంది, సెస్నాకి అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. పాడయ్యేది తొందరవల్లే.

నిదానమే ప్రధానం అన్న సామెత ఇక్కడ సగమే వర్తిస్తుంది. ఐదు మైళ్ళ నుంచి రెండు మైళ్ళ వరకు నిదానం పనికిరాదు, చివరి మైలులో మాత్రం అదే ప్రాణం. ఆ గీత ఎక్కడ గియ్యాలో పైలట్ ముందే అనుకుని ఉండాలి. కంట్రోలర్ ఇంకా వేగంగా రమ్మంటే రేడియోలో చెప్పాల్సిన మాట ఒకటుంది. ‘అనేబుల్.’ కుదరదు అని. ప్రపంచమంతటా రేడియో భాషలో ఆమోదం పొందిన మాటే అది. దానికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అంత చిన్న మాటకి ఎందుకో చాలామంది పైలట్ల నోరు రాదు. ఎయిర్‌లైన్ పైలట్లు వింటున్న ఫ్రీక్వెన్సీలో తాము అడ్డమన్న బెరుకు కావచ్చు.

ఇక వేక్ టర్బులెన్స్, అంటే ముందు వెళ్ళిన విమానం వెనక మిగిలే గాలి సుడులు. దీన్ని కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఇది కంటికి కనిపించదు. ఎగురుతున్న ప్రతి విమానం రెక్కల చివరల నుంచి రెండు సుడులు వదులుతుంది. రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొస చుట్టూ పైకి చుట్టుకోవడంతో ఈ సుడి పుడుతుంది. విమానం ఎంత బరువుగా, ఎంత నెమ్మదిగా, ఫ్లాప్స్ దించకుండా ఉంటే సుడి అంత గట్టిది. పుట్టాక అవి నిమిషానికి మూడు నుంచి ఐదు వందల అడుగుల చొప్పున కిందికి దిగుతాయి. నేల దగ్గరికొచ్చాక రెండు పక్కలకీ మెల్లగా, రెండు మూడు నాట్స్ వేగంతో పాకుతాయి. అందువల్ల అన్నిటికంటే నమ్మరానిది బలమైన గాలి కాదు, తేలికపాటి అడ్డగాలి. పక్క నుంచి మూడు నాట్స్ గాలి వీస్తే ఒక సుడి దూరంగా కొట్టుకుపోతుంది, రెండోది మాత్రం కదలకుండా రన్‌వే మీదే కూర్చుంటుంది. సముద్రం ఒడ్డున పొద్దున పూట గాలి సరిగ్గా ఇలాగే మెత్తగా ఉంటుంది. అంత ప్రశాంతమైన ఉదయం చూసి పైలట్లకి ప్రాణం లేచొస్తుంది.

సెస్నా రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 11 మీటర్లు. జెట్ వదిలిన ఒక సుడిలో ఆ మొత్తం రెక్కా పట్టేస్తుంది. అప్పుడు విమానం పక్కకి దొర్లడం మొదలుపెడితే చేతిలో ఉన్న కంట్రోల్స్ పూర్తిగా తిప్పినా ఆగదు. నేలకి 200 అడుగుల ఎత్తులో తలకిందులైతే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. 1993 డిసెంబర్ 15న కాలిఫోర్నియాలోని శాంటా ఆనా దగ్గర జరిగింది ఇదే. జాన్ వేన్ ఎయిర్‌పోర్టులో దిగడానికి వస్తున్న వెస్ట్‌విండ్ బిజినెస్ జెట్, ముందు వెళ్తున్న బోయింగ్ 757కి సుమారు రెండు మైళ్ళ వెనక, అది దిగిన దారి కంటే కిందుగా ఉంది. సుడిలో చిక్కి కూలింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. వెస్ట్‌విండ్ చిన్న సెస్నా కాదు, పది టన్నుల జెట్. అదే అలా అయితే ఒక టన్ను పైచిలుకు ఉండే సెస్నా మాటేమిటి. ఇందులో ఇంకో కోణం ఉంది. 757 బరువు ‘హెవీ’ తరగతి హద్దుకి లోపలే ఉండేది, కాబట్టి దాని వెనక పెద్దగా ఎడం ఉంచాలన్న నియమం అప్పట్లో లేదు. గాలికి ఆ తరగతులతో సంబంధం లేదు కదా. ఈ ప్రమాదం తర్వాత 757 వెనక దూరాన్ని అమెరికాలో పెంచారు.

అంతర్జాతీయ ప్రమాణాల్లో 7,000 కిలోల లోపు విమానాలు ‘లైట్’. రాడార్ మీద కంట్రోలర్ నడిపించేటప్పుడు అలాంటిదాన్ని మీడియం తరగతి జెట్ వెనక ఐదు మైళ్ళ దూరంలో, హెవీ వెనక ఆరు మైళ్ళ దూరంలో ఉంచాలి. కానీ చిన్న విమానాలు ఎక్కువగా ఎగిరేది కంటి చూపు మీద. ముందున్న 737 కనిపిస్తోందా అని కంట్రోలర్ అడుగుతాడు, కనిపిస్తోంది అని పైలట్ అంటాడు. అంతే, ఆ ఒక్క మాటతో ఎడం చూసుకునే బాధ్యత టవర్ నుంచి పైలట్ మీదికి వచ్చిపడింది. ఆ తర్వాత టవర్ వేక్ టర్బులెన్స్ జాగ్రత్త అని హెచ్చరించి ఊరుకుంటుంది. వరసలో తొందరగా చోటు దొరుకుతుందని ఆదరాబాదరాగా కనిపిస్తోంది అనేసేవాళ్ళు తాము ఏం ఒప్పుకున్నారో గమనించరు.

ఇక్కడ కూడా చిన్న విమానాన్ని కాపాడేది దాని చిన్నతనమే. సుడులు కిందికే దిగుతాయి కాబట్టి జెట్ దిగిన దారికి పైన ఉండాలి. జెట్ చక్రాలు నేలకి ఆనిన క్షణం నుంచి రెక్క మీద బరువు తగ్గి సుడి ఆగిపోతుంది కాబట్టి, ఆ చోటు దాటాకే దిగాలి. జెట్ చక్రాలు సుమారు వెయ్యి అడుగుల దగ్గర ఆనుతాయి. పొడవాటి రన్‌వే మీద సెస్నా దాన్ని దాటి రెండు వేల అడుగుల దగ్గర దిగినా ముందు బోలెడంత మిగులుతుంది. బయల్దేరేటప్పుడు దీనికి తిరగేసిన సూత్రం. జెట్ ముక్కు ఎత్తిన చోటుకి ముందే సెస్నా గాల్లోకి లేవాలి. అది తేలికే. కానీ జెట్ తన కంటే వేగంగా పైకెక్కిపోతుంది కాబట్టి దాని దారి కిందికి పోకుండా గాలి వచ్చే వైపుకి కొంచెం తిరిగిపోవాలి. రన్‌వే మధ్యలోని క్రాసింగ్ నుంచి టేకాఫ్ చేస్తే టైమ్ కలిసొస్తుందని టవర్ అడగొచ్చు. పెద్ద విమానం అప్పుడే వెళ్ళి ఉంటే ఆ బేరం మంచిది కాదు. అది నేలని వదిలిన చోటుని దాటాక గానీ చిన్నది లేవదు, అంటే నేరుగా సుడిలోకే లేస్తుంది. అలాంటప్పుడు మామూలుగా ఆగే రెండు నిమిషాలకి బదులు మూడు నిమిషాలు ఆగాలని నియమం పెట్టింది అందుకే.

‘కనిపిస్తోంది’ అన్న మాట ఎంత ప్రమాదకరమో తెలియాలంటే 1978 సెప్టెంబర్ 25 నాటి శాన్ డియేగో దగ్గరికి వెళ్ళాలి. లిండ్‌బర్గ్ ఫీల్డ్ ఊరి మధ్యలో, సముద్రపు అఖాతాన్ని ఆనుకుని ఉన్న ఎయిర్‌పోర్టు. ఆ రోజు అక్కడ ఒక సెస్నా 172 పరికరాల సాయంతో దిగడం సాధన చేస్తోంది. నడుపుతున్న పైలట్ బయట కనిపించకుండా కళ్ళకి హుడ్ పెట్టుకున్నాడు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. అదే సమయంలో పీఎస్ఏ 182 అనే బోయింగ్ 727 దిగడానికి వస్తోంది. ముందు సెస్నా ఉందని దాని సిబ్బందికి చెప్పారు, వాళ్ళు చూశామన్నారు. తర్వాత అది కనిపించకుండా పోయింది. వెళ్ళిపోయి ఉంటుందిలే అనుకున్నారు, కనిపించట్లేదని మాత్రం టవర్‌కి స్పష్టంగా చెప్పలేదు. సెస్నా కూడా తనకిచ్చిన దిశని వదిలి కొంచెం తిరిగింది. వెనక నుంచి వేగంగా వచ్చిన 727 సుమారు 2,600 అడుగుల ఎత్తులో దాన్ని పై నుంచి ఢీకొట్టింది. రెండు విమానాల్లోని 137 మంది, నేల మీద ఏడుగురు, మొత్తం 144 మంది పోయారు. అంతకు కొన్ని సెకన్ల ముందు రాడార్ గదిలో ఢీ హెచ్చరిక మోగింది కూడా. అలాంటివి ఊరికే మోగడం అలవాటైపోయి ఎవరూ పట్టించుకోలేదు.

ముందు వెళ్తున్న సెస్నా 727 కాక్‌పిట్‌లోంచి ఎలా ఉంటుందో ఊహిస్తే ఇది అర్థమవుతుంది. కింద ఇళ్ళ కప్పులు, రోడ్లు, ఎండకి మెరిసే అద్దాలు. వాటి మీద కదలకుండా ఒక చుక్క. ఢీకొనే దారిలో ఉన్న వస్తువు కిటికీ అద్దంలో పక్కకి జరగదు, ఉన్నచోటే ఉండి పెద్దదవుతుంది. మనిషి కన్ను కదిలేవాటిని పట్టుకుంటుంది, కదలనివాటిని వదిలేస్తుంది. సెస్నా వైపు నుంచి ఇంకా కష్టం. రెక్క పైన ఉన్న విమానం కాబట్టి వెనక నుంచి, పై నుంచి వచ్చేది అసలు కనిపించదు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్ మీద ఒక చిన్న పైపర్, ఏరోమెక్సికో డీసీ-9 ఢీకొని 82 మంది చనిపోయాక గానీ కంటిచూపు ఒక్కదాన్నే నమ్మకూడదన్న సంగతి గట్టిగా తలకెక్కలేదు. ఆ పైపర్ అనుమతి లేకుండా జెట్ల ఆకాశంలోకి వెళ్ళింది, దాని ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే యంత్రం) ఎత్తు చెప్పే రకం కాదు. ఆ తర్వాతే ఎయిర్‌లైన్ విమానాల్లో టీకాస్ అనే హెచ్చరిక యంత్రం, పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 మైళ్ళలో ఎగిరే చిన్న విమానాల్లో ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి అయ్యాయి.

అదే లాస్ ఏంజెలెస్‌లో చిన్న విమానాలకి ఉన్న ఒక దారి వింటే మొదట నమ్మబుద్ధి కాదు. తీరం వెంట వెళ్ళేవాళ్ళు ఆ మహా ఎయిర్‌పోర్టు నెత్తి మీద నుంచే దాటొచ్చు. ఒక వైపు వెళ్ళేవాళ్ళు 3,500 అడుగుల ఎత్తులో, ఎదురు వచ్చేవాళ్ళు 4,500 అడుగుల్లో, ట్రాన్స్‌పాండర్ మీద 1201 నంబరు పెట్టుకుని వెళ్తారు. టవర్ అనుమతి అడగాల్సిన పని కూడా లేదు. నియమాలు పాటిస్తూ, ఎక్కడున్నామో ఒకరికొకరు చెప్పుకుంటూ పోతారు. ఇది సాహసంలా అనిపిస్తుంది కానీ లెక్క సరైనదే. జెట్లు రన్‌వే రెండు కొసల్లో దిగుతూ, లేస్తూ ఉంటాయి. రన్‌వేల నడిమికి సరిగ్గా పైన, ఆ ఎత్తులో వాటికి పనేమీ ఉండదు. రద్దీ ఎయిర్‌పోర్టుకి పది మైళ్ళ దూరంలో తిరగడం కంటే దాని నడినెత్తి మీద ఉండడమే క్షేమం.

ఇప్పుడు నీళ్ళ వైపు. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం ఎక్కదు. నేల మీద వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. స్కూల్లో చదువుకున్న సముద్ర పవనమే. ఎయిర్‌పోర్టులో దాని అర్థం ఏమిటంటే, పొద్దున ఒక వైపు నుంచి జరిగిన టేకాఫ్‌లు మధ్యాహ్నానికి ఎదురు వైపుకి మారాలి. ఈ మార్పు గంట కొట్టినట్టు రాదు. రన్‌వే సముద్రం వైపు కొసన గాలి గొట్టం ఒక వైపు ఊగుతుంటే, ఊరి వైపు కొసన ఉన్నది దానికి ఎదురుగా ఊగుతున్న పావుగంట ఉంటుంది. జెట్లకి పది నాట్స్ వెనక గాలి ఉన్నా సాధారణంగా పని జరిగిపోతుంది, కాబట్టి వాటి మొత్తం వరసని తిప్పడానికి టవర్ కొంచెం ఆగి చూస్తుంది. ఆ ఆగిన కాసేపు ఇబ్బంది పడేది చిన్న విమానం. సెస్నా 172 పుస్తకం ప్రకారం వెనక గాలి ప్రతి రెండు నాట్స్‌కీ పది శాతం చొప్పున దూరం పెరుగుతుంది. తీరానికి సమాంతరంగా రన్‌వే ఉన్న చోట ఇదే గాలి పక్క నుంచి కొడుతుంది. 172 తయారీలో పరీక్షించి చూపిన అడ్డగాలి 15 నాట్స్. అది హద్దు కాదు, అంతకు మించితే ఎలా ఉంటుందో పుస్తకం హామీ ఇవ్వదని అర్థం. తీరంలో సాయంత్రపు గాలి ఆ అంకెని సులువుగా దాటుతుంది.

చల్లటి సముద్రం ఉన్న తీరాల్లో ఇంకోటి, మేఘాల పొర. నీటిని ఆనుకున్న గాలి చల్లబడి, దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటే మధ్యలో పలచటి మేఘం పరుచుకుంటుంది. పై నుంచి చూస్తే తెల్లటి దుప్పటి, కింద నుంచి చూస్తే వెయ్యి అడుగుల లోపే బూడిదరంగు కప్పు. ఎండ ఎక్కేకొద్దీ నేల వైపు అంచు నుంచి కరుగుతూ వస్తుంది, సాయంత్రం మళ్ళీ లోపలికి జరుగుతుంది. జెట్లు దాన్ని చీల్చుకుని దిగిపోతాయి. కంటి చూపు మీద ఎగిరే పైలట్‌కి మాత్రం పది మైళ్ళ లోపల ఎండ కాస్తున్నా ఎయిర్‌పోర్టు మూసేసినట్టే. అమెరికాలో అలాంటి సమయంలో మేఘాలకి తగలకుండా, మైలు దూరం కనిపిస్తే స్పెషల్ వీఎఫ్ఆర్ అనే, కంటి చూపు మీదే ఎగిరే ప్రత్యేక అనుమతి అడగొచ్చు. కానీ రద్దీ చోట జెట్ల మధ్య అలాంటి అనుమతి దొరకడానికి చాలాసేపు చుట్లు కొట్టాలి, అసలు దొరక్కపోవచ్చు. ఇంధనం లెక్క ముందే చూసుకోనివాళ్ళకి ఆ చుట్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

రాత్రి పూట సముద్రం చేసేది వేరు. ఊరి దీపాల వైపు నుంచి నీళ్ళ వైపు తిరగగానే కిటికీలో ఏమీ మిగలదు. ఆకాశం, నీళ్ళు కలిసిపోయిన నలుపు, అందులో ఒక చేపల పడవ దీపం నక్షత్రంలా. ఆకాశం అంచు చూపే అడ్డంగీత లేనప్పుడు చెవి లోపలి సమతూకం అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. విమానం మెల్లగా వాలి తిరుగుతున్నా నిటారుగా ఉన్నట్టే తోస్తుంది. 1999 జూలై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ తన పైపర్ సారటోగాలో భార్యతో, ఆమె అక్కతో కలిసి మార్తాస్ వినియార్డ్ దీవికి వెళ్తూ ఇలాగే సముద్రంలో కూలారు. మసక వాతావరణం, చంద్రుడి వెలుగు అంతంత మాత్రం, పరికరాల మీద ఎగిరే అర్హత ఇంకా లేదు. విమానంలో లోపమేమీ కనిపించలేదు. దిక్కు తోచకపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది.

ఇక అందరూ భయపడేది, టేకాఫ్ తర్వాత సముద్రం మీద ఇంజన్ ఆగిపోవడం. మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి వీస్తుంది కాబట్టి టేకాఫ్ కూడా సముద్రం వైపే. 400 అడుగుల్లో ఇంజన్ ఆగితే ముందు నీళ్ళు. వెనక రన్‌వే ఉంది కానీ అక్కడికి తిరగడానికి ఎత్తు చాలదు. చాలినా, తర్వాతి జెట్ అప్పటికే దాని మీద పరుగు అందుకుని ఉండొచ్చు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. వెయ్యి అడుగుల నుంచి సెస్నా గాలి లేనప్పుడు ఒకటిన్నర నాటికల్ మైలు, అంటే 2.7 కిలోమీటర్లు జారగలదు. అందుకే తీరంలో తెలివైన పైలట్లు ఎత్తు వచ్చేదాకా నేలకి అందే దూరంలోనే ఉండేలా మలుపు అడుగుతారు. జెట్లు దిగే దారి ఖాళీగా ఉంటే టవర్ ఇస్తుంది.

ఇసుక బీచ్ ఉందిగా అని చాలామంది ధీమా. 2017 ఆగస్టు 2న పోర్చుగల్‌లోని కాపరికా తీరంలో ఇంజన్ ఆగిన ఒక సెస్నా 152 జనం నిండిన బీచ్ మీద దిగింది. లోపలున్న ఇద్దరికీ ఏమీ కాలేదు, ఎండ కాచుకుంటున్న ఇద్దరు, అందులో ఒక చిన్న పాప, చనిపోయారు. ఒడ్డుకి దగ్గర్లో నీళ్ళలో దిగి ఉంటే ఎలా ఉండేదన్న వాదన అప్పట్లో చాలా జరిగింది. నీళ్ళలో దిగడం అనుకున్నంత చావుబేరం కాదు. కానీ తయారీ కావాలి. లైఫ్ జాకెట్ సీటు వెనక సంచిలో కాకుండా ఒంటి మీదే ఉండాలి. లోపల ఉండగానే అందులో గాలి నింపుకుంటే నీళ్ళు లోపలికి వచ్చినప్పుడు అది మనిషిని కప్పుకి అంటించేస్తుంది, తలుపు దాకా రానివ్వదు. చక్రాలు లోపలికి ముడుచుకోని విమానం నీళ్ళకి తగలగానే ముక్కు గుచ్చుకుని తిరగబడే అవకాశం ఎక్కువ. ఆ దెబ్బకి చట్రం వంగి తలుపులు బిగుసుకుపోకుండా ముందే గడి తీసి ఉంచుకోవాలి. పెద్ద అలలు వరసగా వస్తుంటే గాలికి ఎదురుగా కాకుండా ఆ వరసలకి సమాంతరంగా దిగాలి.

నేల మీదికి వచ్చాక కూడా ఊపిరి పీల్చుకునే పని లేదు. ముందు చెప్పిన జాన్ వేన్ ఎయిర్‌పోర్టులోనే రెండు సమాంతర రన్‌వేలు ఉన్నాయి. పెద్దది సుమారు 5,700 అడుగులు, జెట్లది. చిన్నది 2,900 అడుగుల లోపు, సన్నటిది, చిన్న విమానాలది. ఆ పక్కనే వాటికి సమాంతరంగా ట్యాక్సీవే, అంటే విమానాలు రన్‌వేకి నేల మీద నడిచి వెళ్ళే దారి. 2017 ఫిబ్రవరి 13న నటుడు హారిసన్ ఫోర్డ్ తన చిన్న హస్కీ విమానంతో చిన్న రన్‌వే మీద దిగమంటే ట్యాక్సీవే మీద దిగారు, అక్కడ ఉన్న 737 నెత్తి మీద నుంచి. ఎవరికీ ఏమీ కాలేదు, ఆయన లైసెన్స్ మీద చర్య కూడా తీసుకోలేదు. తర్వాత ఆయన టవర్‌కి ఇచ్చిన సంజాయిషీలో కదులుతున్న పెద్ద విమానం తన దృష్టిని లాగిందన్నది ఒకటి, దిగుతున్న ఎయిర్‌బస్ రేపిన గాలి కుదుపు మరొకటి. దశాబ్దాల అనుభవం ఉన్న పైలట్. పక్కన ఉన్న జెట్ల మీద ధ్యాస పోతే తన ముందున్న తారు గీత ఏదో మర్చిపోవడానికి కొన్ని సెకన్లు చాలు.

ఉప్పు గురించి రెండు మాటలు. హ్యాంగర్ లేకుండా తీరంలో బయట నిలబడే విమానం లోపల్లోపల పుచ్చిపోతుంది. అల్యూమినియం రేకుల అతుకుల్లో, కంట్రోల్ తీగల్లో, వాడకుండా వదిలేసిన ఇంజన్ లోపల. మంచినీళ్ళతో తరచూ కడగాలి, ముఖ్యంగా కింది భాగం. ముందు అద్దం మీది ఉప్పు పొరని పొద్దున ఎవరూ పట్టించుకోరు. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా దిగేటప్పుడు ఆ అద్దం మొత్తం పాలు పోసినట్టు తెల్లగా మారితే అప్పుడు గుర్తొస్తుంది. ఆ తెలుపు వెనకే ఎక్కడో ఉన్న జెట్ కోసం వెతకాలి.

ఇన్ని ఇబ్బందులు పెట్టుకుని చిన్న విమానాలు అక్కడ ఎందుకు, లోపలి ఊళ్ళలో చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లు లేవా అని అడగొచ్చు. శాన్ డియేగో ప్రమాదంలో ఆ సెస్నా జెట్ల ఎయిర్‌పోర్టుకి రావడానికి కారణం, పరికరాలతో దిగే సదుపాయం చుట్టుపక్కల చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లలో లేకపోవడం. అంటే చిన్నవాళ్ళని బయటికి పంపాలంటే వాళ్ళకి కావాల్సింది బయట ఉండాలి. పెద్ద చోట ఎగరడం నేర్చుకోకపోతే రేపు అదే పైలట్ ఎయిర్‌లైన్‌లో మొదటిసారి ఆ గొంతులన్నీ వింటాడు. ఇంకోవైపు, సముద్రం పక్క నేలకి ఎప్పుడూ కళ్ళు ఎక్కువ. శాంటా మోనికాలో జెట్లని తగ్గించడానికి 2017లో రన్‌వేని దాదాపు 5,000 అడుగుల నుంచి 3,500 అడుగులకి కుదించారు. 3,500 అడుగులు సెస్నాకి బోలెడు. ఆ కోత వల్ల ఇబ్బంది పడింది జెట్లే, చిన్న విమానాలు యథాప్రకారం ఎగురుతూనే ఉన్నాయి. కానీ అదే ఒప్పందంలో ఇంకో తేదీ కూడా ఉంది. 2028 డిసెంబర్ 31 తర్వాత ఆ ఎయిర్‌పోర్టునే మూసెయ్యొచ్చని.